వెనక మూల బోల్టు

లాకప్పులో చిన్న మేస్త్రీ గోడకి ఆనుకోకుండా కూర్చున్నాడు. ఆనుకోవడానికి వీపు మిగల్లేదు. బెల్టు వాతలు భుజాల నుంచి నడుము దాకా పొంగి, రెండు మూడు చోట్ల చిట్లి నీరు కారుతున్నాయి. కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఒళ్లో పట్టుకున్నాడు, నిద్రపోతున్న పసిబిడ్డని పట్టుకున్నట్టు. ఆ చేతి వేళ్లని ఎవరో బూటు కింద వేసి తీరిగ్గా నలిపారు.

ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. పెదవి చిట్లలేదు, పన్ను కదల్లేదు. రేపు పొద్దున మేజిస్ట్రేటు చూసేది ముఖమే కాబట్టి మా ఇన్‌స్పెక్టరు ముఖం జోలికి పోడు. ఊరంతా ఆయన్ని గూటం అంటుంది, ఆయన లేనప్పుడు.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకు ముందు ఇన్సూరెన్సు కంపెనీలో, గుద్దుకున్న బళ్లని చూసి ఏది నిజం ప్రమాదమో ఏది దొంగ ప్రమాదమో తేల్చే ఉద్యోగం చేసేవాణ్ని. అందుకే ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. నిన్న మధ్యాహ్నం పాత జీపులు బాగుచేసే షెడ్డులో పెద్ద మేస్త్రీని పానాతో తల పగలగొట్టి చంపారు. పట్టుకొచ్చింది ఆయన బామ్మర్దిని. నన్ను పెట్టుకున్నది చచ్చినవాడి భార్య, అంటే పట్టుబడ్డవాడి అక్క. ఒక్క పూటలో ఆవిడకి మొగుడు పోయాడు, తమ్ముడు పోయేలా ఉన్నాడు.

"నేను జీపు టాప్ ముట్టుకోలేదు సార్," అన్నాడు చిన్న మేస్త్రీ. గొంతు బొంగురుగా ఉంది గానీ మాట స్పష్టంగానే వచ్చింది. "తలుపు రబ్బరు కోసం బజారుకి పోయాను. వచ్చేసరికి బావ కింద పడున్నాడు. అక్కని టాప్ ముందు అంచు క్లాంపులు చూడమనండి. ఆమెకి అర్థమవుతుంది."

"ఏం చూడాలి వాటిల్లో?"

వాడు నోరు తెరిచేలోగా వెనక నుంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది.

"అయిందా ప్రైవేటూ, పరామర్శ? పళ్లూ ఫలాలూ తేలేదా?"

మనిషి తలుపంత ఉంటాడు. పక్కనే హెడ్ కానిస్టేబులు నిలబడి గుడ్డతో బెల్టు తుడుస్తున్నాడు. ఆ హెడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మాట్లాడగా ఎవరూ వినలేదు.

"వీడి చెయ్యి ఏమైంది?" అన్నాను.

"తలుపు సందులో పెట్టుకున్నాడు. పరధ్యానం మనిషి."

"మరి మీ చెయ్యి?"

ఇన్‌స్పెక్టరు కుడి చేతి వేళ్ల మెటికల మీద కట్టు ఉంది. దాన్ని ముద్దుగా చూసుకున్నాడు. "నీ వాడి పళ్లకి తగిలింది. గట్టి పళ్లు. విను, నీకు శ్రమ తప్పిస్తాను. నిన్న పొద్దున ఆ జీపు టాప్ గిలకకి వేలాడుతోంది. అందరూ చూశారు. శవం దొరికేసరికి అది బండి మీద కూర్చుని ఉంది, బోల్టులన్నీ బిగించి. బోల్టుల మీద నెత్తురు. అంటే చంపాకే బిగించారు. ఆ పని తెలిసినవాళ్లు షెడ్డులో ఇద్దరే. ఒకడు చచ్చాడు. ఇంక మిగిలిందెవడు?"

"మనిషిని చంపినవాడు పారిపోకుండా కూర్చుని బోల్టులు బిగిస్తాడా?"

"పని పిచ్చి. మెకానిక్కులంతా అంతే."

"వాళ్ల అక్కకి కూడా ఆ పని వచ్చు."

"ఆవిడ్ని కూడా లోపలెయ్యమంటావా? ఆ మాట నువ్వే అను, వేసేస్తాను." నవ్వి, లాకప్పు ఊచల్ని కట్టు లేని చేత్తో నిమిరాడు. "దీపాలు పెట్టే వేళకి కాగితం మీద వేలిముద్ర పడాలి. ఎడమ బొటనవేలు బాగానే ఉంచాంలే. పడకపోతే, ఈ ఊచలకి తువ్వాలు బిగించుకుని సిగ్గుతో పోయినవాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు."

హెడ్డు బెల్టు తుడవడం ఆపలేదు. నాకు ఒళ్లు మండింది. మండినా చేసేదేముంది? బయటికొచ్చి స్కూటరు తీశాను. పొద్దు వాలడానికి ఇంకా కాస్త సమయం ఉంది.

*

షెడ్డులో సిమెంటు నేల మీద నెత్తురు నల్లగా అట్టకట్టింది. కడగనివ్వలేదట. ఆ మరక పక్కనే అక్క బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉంది. అందరూ అక్క అంటారు కాబట్టి నేనూ అదే అంటాను, మనసులో. గోళ్ల సందుల్లో గ్రీజు, జుట్టు ముడి మీద ఇనుప రజను. ఆవిడ ఏడవడం లేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"బతికున్నాడా?" అంది.

"ఉన్నాడు."

"చేతులు?"

చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది. "కుడి చెయ్యా," అని ఒక్క మాట అని, "చూద్దాం పదండి," అంది.

జీపు షెడ్డు మధ్యలో ఉంది. పాత కాలం బండి, పలకల ఒళ్లు, కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు. మీద ఇనుప రేకు టాప్. గుడ్డ టాప్ అయితే గుండీలు పెట్టినట్టు పెట్టేయొచ్చు. ఇది అలా కాదు. నలుగురు మోసే బరువు. షెడ్డు పైన అడ్డంగా ఇనుప దూలం, దాని మీద అటూ ఇటూ జరిగే గిలకలు, గిలకల్లోంచి మోకు. ఆ మోకుతో లేపి, దించి, బండి ఒంటికి బోల్టులు కొట్టాలి.

"ముందు క్లాంపులు చూడమన్నాడు మీ తమ్ముడు."

ఆవిడ ముందు అద్దం ఫ్రేము మీదికి వంగింది. అద్దం పైన రెండు క్లాంపులు ఉన్నాయి, టాప్ ముందు అంచుని ఫ్రేముకి అదిమి పట్టేవి. రెండూ వేలాడుతున్నాయి. కొక్కెం గాడిలో పడలేదు. మధ్యలో వేలు పట్టేంత సందు.

"అందలేదు," అంది. గొంతు మారింది. "సార్, ఇది వాడు బిగించింది కాదు. వాడే కాదు, ఈ పని ఒక్కసారి చేసినవాడెవడూ ఇలా చెయ్యడు."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"టాప్ దించాక బోల్టులన్నీ చేత్తో పెట్టి వదిలేస్తాం. పానా వెయ్యం. ముందు ఈ క్లాంపులు లాగి వేస్తాం. అప్పుడు టాప్ మొత్తం ముందుకి జరిగి రబ్బరు మీద సరిగ్గా కూర్చుంటుంది. ఆ తర్వాత పక్క బోల్టులు, ముందు నుంచి వెనక్కి, ఇటొకటి అటొకటి, కొంచెం కొంచెం. వీడెవడో వెనక నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో బోల్టునీ చచ్చేలా బిగించేశాడు. టాప్ వెనక్కి పోయి అక్కడే బిగుసుకుపోయింది. ఇక క్లాంపులు జన్మలో అందవు. చూడండి, రబ్బరు ఎలా నలిగి పైకొచ్చిందో."

చూశాను. వెనక వైపు రబ్బరు బీడింగు మెలితిరిగి, తోసేసిన తివాచీలా మడతలు పడింది. తెలియనివాడికి బోల్టు బోల్టే. కనిపించినదల్లా బిగించి, పనైపోయిందనుకున్నాడు.

నేను బండి చుట్టూ తిరిగి బోల్టులు ఒక్కొక్కటే చూశాను. బోల్టులు కింది నుంచి పైకి ఎక్కుతాయి, బండి ఒంటి అంచు కింద చెయ్యి పెట్టి తిప్పాలి. తలల మీద పెద్ద మేస్త్రీ నెత్తురు పానా ఆకారంలో అంటుకుని ఉంది. చంపిన పానాతోనే బిగించాడు మహానుభావుడు. కుడివైపు వెనక మూలకి వచ్చేసరికి మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. చక్రం మీది రేకుకీ మూల రేకుకీ మధ్య పిడికిలి కష్టం మీద దూరే సందు అది. టార్చి వేశాను.

రేకు అంచు మీద ఎండిన నెత్తురు. దానితో పాటు చర్మం. ఉల్లిపొర మందాన మూడు చిన్న పీలికలు, వరసగా.

"ఈ బోల్టుకి మేం తిన్నని పానా వాడం," అంది అక్క నా వెనక నుంచి. "ఆయన వంచి చేసిన వంకర పానా ఉంది. అదిగో, గోడకి. మొన్న నేను తుడిచి పెట్టింది పెట్టినట్టే ఉంది. తిన్నని పానాతో తిప్పితే అది జారుతుంది, మెటికలు నేరుగా రేకుకి తగులుతాయి. రేకు కత్తిలా కోస్తుంది."

మెటికలు. నేను అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాను. కుర్రాడి కుడి చేతిని ఎందుకంత శ్రద్ధగా నలిపారో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆ చేతి మీద ఏ గాయం దేని వల్ల అయిందో దేవుడు దిగొచ్చినా చెప్పలేడు. ఇక కట్టు కట్టుకున్న ఇంకో చెయ్యి ఉంది. పళ్లకి తగిలిందట. నేను చూసిన నోట్లో పెదవికి గీత కూడా లేదు.

ఆవిడకి వెంటనే చెప్పలేదు. ఊహించినంత మాత్రాన ఇన్‌స్పెక్టరు మీద నేరం నిలబడదు.

"పక్క షెడ్డు పెయింటర్ని పిలవండి," అన్నాను.

*

పెయింటరు రానన్నాడు. నేనే వెళ్లి చొక్కా పట్టుకుని తీసుకొచ్చాను. బక్క మనిషి, కనుబొమ్మల మీద కూడా ఆకుపచ్చ రంగు. ఎడమ చెవిలో దూది కుక్కుకున్నాడు. దూది ఎర్రగా ఉంది.

"నిన్న మధ్యాహ్నం ఏం విన్నావ్?"

"ఏం వినలేదు సార్. కంప్రెసరు ఆడుతోంది. ముఖానికి గుడ్డ కట్టుకున్నాను."

"కంప్రెసరు రోజంతా ఆడదు. రంగు మార్చినప్పుడు ఆపుతావు."

"నాకు తెలీదు సార్, వదిలెయ్యండి."

"ఆ చెవికి ఏమైంది?"

వాడు అక్క వైపు చూశాడు, నెత్తుటి మరక వైపు చూశాడు, ఏడుపు ముఖం పెట్టాడు. "చెప్పినందుకే అయింది సార్. కంప్రెసరు ఆపాక గిలక కిర్రుమంది. చిన్న మేస్త్రీ అప్పటికే సైకిలు మీద బజారుకి పోయాడు, నేను చూశాను. కాసేపటికి లోపల ఎవరో అబ్బా అని అరిచి బూతులు తిట్టారు. పెద్ద మేస్త్రీ గొంతు కాదు. సాయంత్రం ఇన్‌స్పెక్టరుగారు వస్తే ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఏ చెవితో విన్నావురా అన్నారు. ఈ చెవితో అన్నాను. దాని మీదే కొట్టారు. ఇక అది వినదట, డాక్టరు చెప్పాడు."

అక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది. "నాతో అన్నా చెప్పకపోయావా?"

"భయం వేసిందక్కా. ఇంకో చెవి ఉంది కదా."

నేను వాణ్ని వదిలేసి అక్క వైపు తిరిగాను. "ఈ బండి ఎవరిది?"

"తెలీదు సార్. బేరగాడు తోలుకొచ్చాడు, ఆయన ఫోన్లో మాట్లాడుకునేవాడు. రంగు గోకినప్పుడు అడుగున స్టేషను బళ్ల రంగు కనిపించింది. వేలంలో కొని ఉంటారనుకున్నాం. నిన్న పొద్దున ఆయన టాప్ లోపలి గుడ్డ మారుద్దామని విప్పి చూసి, మళ్లీ కప్పేశాడు. ముఖం అదోలా పెట్టాడు. ఏమిటంటే చెప్పలేదు. 'ఓనరుకి ఫోన్ చేశాను, భోజనాలయ్యాక ఆయనే వస్తానన్నాడు' అని మాత్రం అన్నాడు. ఈ మాట ఇన్‌స్పెక్టరుకి కూడా చెప్పాను. రాసుకోలేదు."

"టాప్ లేపుదాం."

వంకర పానా అందుకుని మూల బోల్టు ఆవిడే విప్పింది, రేకు అంచు ముట్టుకోకుండా. మిగతావి నేను విప్పాను. కొక్కేలు తగిలించి ముగ్గురం మోకు లాగాం. టాప్ కిర్రుమంటూ లేచింది. దూలం వెంట పక్కకి జరిపి, అక్క మోకుని స్తంభానికి రెండు చుట్లు చుట్టి కట్టింది. పెయింటరు వెంటనే తన షెడ్డులోకి మాయమయ్యాడు.

నేను టాప్ కిందికి దూరి, తల పైకెత్తి, లోపలి గుడ్డని కత్తితో చీల్చాను. డ్రైవరు సీటు వెనక పైన రెండు చోట్ల పుట్టీ. కత్తి మొనతో పొడిస్తే పెచ్చులుగా రాలింది. రెండు చిల్లులు, వేలు దూరేంత. రేకు అంచులు బయటి వైపుకి విచ్చుకుని ఉన్నాయి. బండి లోపల కూర్చుని పైకి కాల్చినవి. గుడ్డ వెనక పాత నెత్తురు గోధుమ రంగు చారలుగా ఎండిపోయి ఉంది, మధ్యలో వెంట్రుకలు అతుక్కుని.

స్టేషను బండి. పోయినేడు ఒక లారీ డ్రైవర్ని విచారణకి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. వదిలేశాం, ఎటో పోయాడు అని రాసుకున్నారు. వాడు ఎటు పోయాడో నా తలకి పైన, ఆ రేకు మీద రాసి ఉంది.

ఇన్‌స్పెక్టరు బండిని వేలంలో తనే కొనిపించుకున్నాడు. సాక్ష్యం చేతిలోనే ఉండాలి, పైగా పాత జీపంటే మోజు. గుడ్డ విప్పుతారని ఊహించలేదు. మేస్త్రీ ఫోన్ చేసి అడిగాడు, చచ్చాడు. వేలాడే టాప్ లోపలి గుడ్డని ఇంకెవరు లేపి చూసినా గుట్టు బయటపడుతుంది కాబట్టి దించి బిగించాడు. చిన్న మేస్త్రీ మెడకి ఉచ్చు కూడా అదే బోల్టులతో దొరికింది.

"అమ్మా," అన్నాను, "ఇన్‌స్పెక్టరు చేతికి కట్టు..."

"చూశాను సార్." ఆవిడ కళ్లు నా మీద లేవు. తలుపు మీద ఉన్నాయి.

*

ఇన్‌స్పెక్టరు ఒక్కడే వచ్చాడు. సాక్షులు అక్కర్లేని పని మీద వచ్చినవాడు ఒక్కడే వస్తాడు. బండిని స్టేషనుకి తరలించడానికి అని తర్వాత తెలిసింది. తుపాకీ అప్పటికే చేతిలో ఉంది.

"పరిశోధన బాగా సాగుతున్నట్టుందే," అన్నాడు.

"పళ్ల గాయం మానిందా?" అన్నాను. నోరు ఊరుకోదు, అదొక జబ్బు. "రేకు గాయమైతే చీము పడుతుంది, డాక్టరుకి చూపించుకోండి. మీ చర్మం ముక్కలు మూలలో భద్రంగా ఉన్నాయి."

ఆయన టాప్ కిందికి నడిచొచ్చి, తుపాకీ పిడితో నా మెడకీ భుజానికీ మధ్య కొట్టాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కుడి చెయ్యి చచ్చుబడింది. కిందపడ్డాను. పక్కటెముకల్లో బూటు దిగింది. మళ్లీ దిగింది. రెండో తన్నుకి ఊపిరి బయటికి పోయి తిరిగి రాలేదు.

"దొంగ బళ్లు చూసుకుని బతికేవాడివి," అన్నాడు, నిదానంగా, ఇంకోసారి తన్నుతూ. "నీకెందుకురా ఇదంతా? శ్రమ తప్పిస్తానన్నాను, వినలేదు. మేస్త్రీని కూడా గుడ్డ కప్పేసి నోరు మూసుకోమన్నాను. సార్, పాపం ఎవరిదో ప్రాణం అన్నాడు. ప్రాణం! వీళ్లందరికీ ఇంకొకళ్ల ప్రాణాల గొడవే." తల పైకెత్తి చిల్లుల వైపు చూశాడు. మిగిలిన గుడ్డని ఎడమ చేత్తో పట్టి చర్రున లాగాడు.

నాకు వాడి బూట్ల అవతల, స్తంభం దగ్గర, అక్క పాదాలు కనిపించాయి. మోకు ముడి విప్పుతున్న చేతులు కనిపించలేదు, ఆవిడ గొంతు మాత్రం వినిపించింది.

"సార్, దొర్లండి!"

దొర్లాను. విరిగిన ఎముక మీద నుంచి దొర్లాను, అరుస్తూ. మోకు గిలకల్లో బుస్సుమంది. తుపాకీ పేలింది, గుండు ఎక్కడో రేకుకి తగిలి గింగురుమంది. టాప్ వచ్చి నేల మీద పడ్డ చప్పుడుకి షెడ్డు అదిరింది. ఇన్‌స్పెక్టరు ఒక అడుగు బయటికి వేయగలిగాడు, అంతే. ఇనుప అంచు రెండు తొడల మీద పడింది. ఆ అరుపు మనిషిది కాదు.

తుపాకీ జారి బండి కిందికి పోయింది. పాకుతూ వెళ్లి ఎడమ చేత్తో తీసుకున్నాను. అక్క అరచేతులు చూసుకుంటోంది. మోకు రాసుకుని చర్మం లేచిపోయింది.

"మీ హెడ్డుకి ఫోన్ చెయ్యండి," అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "కుర్రాణ్ని ముట్టుకోవద్దని చెప్పండి."

ఆయన ముఖం బూడిదరంగులో ఉంది, చెమటలు ధారగా కారుతున్నాయి. అయినా పళ్లు బిగించి నవ్వాడు. "లేపితే చేస్తా. లేపకపోతే... దీపాల వేళకి తువ్వాలు పని మొదలుపెట్టమని చెప్పొచ్చాను."

షెడ్డు రేకుల సందుల్లోంచి పడే ఎండ అప్పటికే ఎర్రబడింది. అక్క నా వైపు చూడలేదు, ఆలోచించలేదు, వెళ్లి మోకు పట్టుకుంది. చర్మం లేని చేతులతో లాగింది. నేను ఒంటి చేత్తో సాయం పట్టాను. మొగుణ్ణి చంపినవాడి మీంచి ఆ బరువుని జానెడు లేపడానికి ఆవిడ ఎంత ఏడ్చిందో, నిన్నటి నుంచి దాచుకున్నదంతా అప్పుడే వచ్చింది. మోకు స్తంభానికి చుట్టి ముడి వేసేదాకా ఆగలేదు ఆ ఏడుపు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఫోను తీశాడు. స్పీకరు నేను నొక్కాను.

"నేను. పని ఆపు. వాణ్ని ముట్టుకోకు."

అవతల హెడ్డు గొంతు, మొదటిసారి విన్నాను, మెత్తగా, బళ్లో పాఠం చెప్పే పంతులు గొంతులా ఉంది. "ఎందుకు సార్?"

"చెప్పింది చెయ్యి!"

"మీ గొంతు అలా ఉందేమిటి? పక్కన ఎవరున్నారు?" ఊచల తలుపు తీసిన చప్పుడు. "టాప్ గుడ్డ విప్పేశారా సార్?"

ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు. నా వైపు తిరిగి, పెదవులు మాత్రం కదిపాడు. "ఆ రోజు బండి నడిపింది నేను. కాల్చింది వాడు."

తప్పు చేశామని అప్పుడు తెలిసింది. దీపాల వేళ దాకా ఆగేవాడికి, ఆగక్కర్లేదని మేమే ఫోన్ చేసి చెప్పాం.

"అమ్మా, నువ్వు అక్కడే ఉన్నావు కదా," అన్నాడు హెడ్డు అంతే మెత్తగా. చెంప మీద కొట్టిన చప్పుడు. తర్వాత "అక్కా" అన్న మాట, సగంలో ఆగిపోయింది. "విన్నావా? బాగున్నాడు. బాగుండాలంటే ఆ బండి నాకు కావాలి. టాప్‌తో సహా. బోల్టులు బిగించి, దారిలో ఎవడికీ అనుమానం రాకుండా తీసుకురా. పాత క్వారీ మలుపు దగ్గర తాళాలు నాకిచ్చి నీ తమ్ముణ్ని తీసుకుపో. ఆ ప్రైవేటు తప్ప ఇంకెవరు కనిపించినా, వీణ్ని క్వారీ నీళ్లలో వెతుక్కోవాలి."

"ఒరేయ్, మరి నేను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ సంగతి తర్వాత చూద్దాం సార్." ఫోను ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఆ ఫోనుని అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. జాలి పడదామని ప్రయత్నించాను, రాలేదు.

పెయింటరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచో తెలీదు. చేతిలో తాడు ఉంది. ఎవరూ చెప్పకుండానే వచ్చి, ఇన్‌స్పెక్టర్ని టాప్ కింద నుంచి లాగి, చేతులు రెండూ వెనక్కి విరిచి స్తంభానికి కట్టాడు, కట్టు ఉన్న చేతిని కొంచెం ఎక్కువ గట్టిగా.

"ఆస్పత్రి బండిని పిలవనా సార్?"

"చీకటి పడ్డాక పిలువు," అన్నాను.

*

పెయింటరు మోకు పట్టాడు. టాప్ మళ్లీ లేచి, దూలం వెంట జరిగి, బండి మీదికి దిగింది. నలిగిన రబ్బరుని అక్క అరచేత్తో సాపు చేసింది, నెత్తుటి చారలు దాని మీద పడుతున్నా పట్టించుకోలేదు. ఆ చిల్లులు, ఆ వెంట్రుకలు, మూలలో చర్మం, ఇవన్నీ తీసుకెళ్లి హంతకుడి చేతిలో పెట్టబోతున్నాం. అవి పోతే చిన్న మేస్త్రీ ఇవాళ బతికినా రేపు మళ్లీ లోపలికే.

"వాడు దీన్నెక్కడికి తీసుకెళ్తాడు?" అన్నాను.

"ఆనవాలు లేకుండా చెయ్యాలంటే ఇనుము కరిగించే కొలిమికే. క్వారీ నుంచి అటు పోవాలంటే పెద్ద బజారు మధ్యలోంచే దారి. ఇంకో దారి లేదు." బోల్టు కోసం చెయ్యి చాపింది. "అటువైపువి ఇవ్వండి."

ఎడమ చేత్తో ఒక్కొక్కటే అందించాను. ఆవిడ ముందు నుంచి వెనక్కి, ఇటొకటి అటొకటి పెట్టుకుంటూ వెళ్లింది. ముందు క్లాంపులు గాడిలో పడ్డాయి. దూరం నుంచి చూస్తే ముచ్చటగా కుదిరింది. వెనక మూల బోల్టు దగ్గర మాత్రం ఆగి, దాన్ని తిరిగి నా చేతిలో పెట్టేసింది.

గోడ మీద వంకర పానా తీసి ఇచ్చాను. తీసుకోలేదు. తిన్నని పానా ఇచ్చాను. అదీ తీసుకోలేదు. నేను వంగి ఒక బోల్టుని వేలితో తాకాను. అది ఊగింది. పక్కది కూడా ఊగింది. క్లాంపు కొక్కేలు గాడిలో ఉన్నాయి గానీ వాటిని బిగించే మీట ఒక్కటీ నొక్కలేదు.

"అమ్మా, ఒక్కటీ బిగించలేదే. గట్టిగా ఓ గుంట తగిలినా టాప్ ఎగిరిపోతుంది."

"ఎగరాలి సార్. బజారు మధ్యలో, అందరూ చూస్తుండగా ఎగిరి పడాలి. ఆ చిల్లులు జనం కళ్లకి కనిపించాలి."

"క్వారీ దాకా నడపాల్సింది మనమే కదా."

ఆవిడ చీర కొంగు చింపి అరచేతులకి చుట్టుకుని, స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది.

"ఎక్కండి," అంది. "మనం నెమ్మదిగా పోదాం. తొందర వాడికి ఉంటుంది."